కష్టాలు చెప్పే ఆత్మకథలు – ఒక ఉపాధ్యాయుని మనవి

(మన సంఘం వార్షికోత్సవంలో, ఉపకార వేతనాల పంపిణీ సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక సంజాయిషీ చెప్పుకోవాలి. నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి, ఉర్దూ మీడియంలోనే పాఠాలు చెప్పేవాణ్ణి. అయినా కార్యదర్శి గారు నన్ను తెలుగులో మాట్లాడమన్నారు. మన పిల్లల్లో చాలామందికి ఇప్పుడు ఉర్దూ మాట్లాడడం వస్తుంది గాని చదవడం రాదు. సావనీరు తెలుగులో వేస్తేనే ఇంటిల్లిపాదీ చదువుతారు అని ఆయన వాదన. కాదనలేకపోయాను. రాసుకొచ్చిన ఈ కాగితాలను మా బడి తెలుగు పండితులు ఒకసారి దిద్దారు. ఇంకా తప్పులుంటే అవి నావే.

నాకిచ్చిన అంశం "కష్టాలను జయించిన మహనీయుల ఆత్మకథలు – విద్యార్థులకు ప్రేరణ". నిజం చెప్పాలంటే ఈ అంశం మీద నన్ను అర్ధరాత్రి నిద్రలేపినా అరగంట మాట్లాడగలను. ఇరవై ఏళ్ళకు పైగా మాట్లాడుతూనే ఉన్నాను. అబ్దుల్ కలాం పేపర్లు వేశారు, రాష్ట్రపతి అయ్యారు. అమెరికాలో బానిసగా పుట్టిన బుకర్ టి. వాషింగ్టన్ బొగ్గు గనిలో పనిచేశాడు, పెద్ద విద్యాసంస్థ కట్టాడు. ఈజిప్టులో తాహా హుసేన్‌కు పసితనంలోనే చూపు పోయింది, ఆయన విద్యామంత్రి అయ్యాడు. మరి మీకేమయింది? కళ్ళున్నాయి, కాళ్ళున్నాయి, ప్రభుత్వం పుస్తకాలిస్తోంది, మధ్యాహ్నం అన్నం పెడుతోంది. ఇలా సాగేది నా ఉపన్యాసం. పెద్దలు తలలూపేవారు, పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఇప్పుడు ఆ ఉపన్యాసం నా నోట రావడం లేదు. ఎందుకు రావడం లేదో చెప్పడమే నా ప్రసంగం అనుకోండి.

నాలుగేళ్ళ కిందటి మాట. మా తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. పేరు చెప్పను, ఊళ్ళోనే ఉన్నాడు. మొదటి పీరియడు నాదే, సాంఘిక శాస్త్రం. వాడు వారానికి మూడు రోజులు ఆలస్యంగా వచ్చేవాడు. వచ్చినరోజున కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయేవాడు. ఒకరోజు వాణ్ణి లేపి నిలబెట్టాను. రాత్రంతా ఏం చేశావంటే, తెల్లవారుజామున నాలుగింటికి లేచి పాల ప్యాకెట్లు, పేపర్లు వేస్తున్నాను సార్ అన్నాడు. నా నోటికి అలవాటైన మాట వెంటనే వచ్చేసింది. "కలాం సాబ్ కూడా పేపర్లు వేశారు. ఆయన క్లాసులో నిద్రపోయారా?" అన్నాను. క్లాసంతా గొల్లుమని నవ్వింది. ఆ రోజు నుంచి వాణ్ణి పిల్లలు 'కలాం సాబ్' అని పిలవడం మొదలుపెట్టారు. ఎంత మంచి పేరు! ఆ పేరునే నేను ఒక పిల్లవాడికి ఎగతాళి పేరు చేసిపెట్టాను.

వారం తిరక్కుండా వాడు బడి మానేశాడు.

హాజరు పట్టీలో ఎర్ర గీతలు పడుతున్నాయని హెడ్మాస్టరు గారు అడిగితే, ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. రెండు గదుల రేకుల ఇల్లు. తండ్రి గల్ఫ్‌కు వెళ్ళి, నడుము దెబ్బతిని తిరిగొచ్చి మంచంలో ఉన్నాడు. తల్లి తెల్లవారకముందే నాలుగిళ్ళలో పాచిపనికి పోతుంది. నాకు కుర్చీ వేశారు, చాయ్ ఇచ్చారు. నేను మళ్ళీ నా పాఠం మొదలుపెట్టబోయాను. వాడు తల వంచుకుని, కొంచెం కూడా వెటకారం లేకుండా, తెలుసుకోవాలన్నట్టుగా అడిగాడు. మన ఇంటి భాషలోనే అడిగాడు, నేను తెలుగులో చెబుతున్నాను. "సార్, కలాం సాబ్ పేపర్లు వేసొచ్చాక వాళ్ళమ్మ ఇంట్లో ఉండేదా? అన్నం పెట్టేదా?"

నాకు జవాబు తెలియదు. ఇన్నేళ్ళుగా ఆ పుస్తకాన్ని చేతిలో పట్టుకుని ఉపన్యాసాలు చెప్పినవాడికి ఆ చిన్న విషయం తెలియలేదు. చూసి చెబుతాను బేటా అని లేచి వచ్చేశాను.

ఆ రాత్రి 'వింగ్స్ ఆఫ్ ఫైర్' మళ్ళీ తీశాను. 1999లో వచ్చిన ఆ పుస్తకం 'ఒక విజేత ఆత్మకథ' అని తెలుగులోనూ ఉంది, మీలో చాలామంది ఇళ్ళల్లో ఉండే ఉంటుంది. రాకెట్ల భాగం నాకు ఎప్పుడూ సగమే అర్థమయ్యేది, ఇప్పుడూ అంతే. కాబట్టి రామేశ్వరం పేజీలనే నిదానంగా చదివాను. యుద్ధకాలంలో రామేశ్వరం స్టేషనులో రైలు ఆగడం మానేస్తే, పేపరు కట్టల్ని నడుస్తున్న రైల్లోంచి విసిరేసేవారు. వాటిని ఏరుకోవడానికి మనిషి కావాల్సి వచ్చింది. కలాం గారి బంధువు శంషుద్దీన్ అనే ఆయన పేపరు ఏజెంటు, ఆ పని ఈ పిల్లవాడికిచ్చాడు. అంటే ఆ మొదటి సంపాదన ఇచ్చిన చెయ్యి సొంత ఇంటి చెయ్యి. తనకంటే చాలా పెద్దవాడైన జలాలుద్దీన్ అనే స్నేహితుడు రోజూ వెంట తిప్పుకుని ప్రపంచం సంగతులు చెప్పేవాడు. ఆ జలాలుద్దీనే తర్వాత ఆయనకు బావ అయ్యాడు.

ఇక చదువు. మద్రాసులో ఎం.ఐ.టి.లో సీటు వచ్చింది. ప్రవేశానికి వెయ్యి రూపాయల దాకా కావాలి. తండ్రి దగ్గర అంత లేదు. అక్క జొహ్రా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టింది. ఈ సంగతి నేను ఇంతకు ముందు చదవలేదా అంటే చదివాను. ఒకటి రెండుసార్లు సభల్లో కూడా చెప్పాను. కాని ఎలా చెప్పాను? "అక్క గాజులు తాకట్టు పెట్టాల్సినంత పేదరికంలోంచి పైకొచ్చారు" అని చెప్పాను. అక్క నా వాక్యంలో ఒక మనిషిగా లేదు, పేదరికానికి కొలతగా ఉంది.

అన్నం సంగతి తర్వాత ఆయన రాసిన మరో పుస్తకంలో దొరికింది. 2013లో వచ్చిన 'మై జర్నీ' అది. యుద్ధం రోజుల్లో తిండి గింజలకు రేషను. ఒకపూట తల్లి రొట్టెలు పెడుతూ ఉంటే పిల్లవాడు తింటూనే ఉన్నాడు. ఆ తర్వాత అన్న పక్కకు పిలిచి, అమ్మ తన వాటా కూడా నీకే వేసేసింది, నీకు తెలిసిందా అని మందలించాడు. పిల్లవాడు పరుగున వెళ్ళి తల్లిని పట్టుకున్నాడు. అంటే ఆ అబ్బాయి ప్రశ్నకు జవాబు, అవును, ఇంట్లో ఉండేది, పెట్టేది, తను తినకుండా పెట్టేది.

మర్నాడు ఆ జవాబు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళడానికి నాకు ముఖం చెల్లలేదు. వెళ్ళి ఏమని చెప్పను? నీకంటే ఆయన అదృష్టవంతుడని చెప్పనా?

అదే పుస్తకంలో ఉపాధ్యాయుడిగా నన్ను ఆపేసిన చోట్లు ఇంకా రెండున్నాయి. అయిదో తరగతిలో కొత్తగా వచ్చిన పంతులు, మొదటి వరుసలో పూజారి కొడుకు పక్కన టోపీ పెట్టుకున్న ముస్లిం పిల్లవాడు కూర్చోవడం చూడలేక వెనక బెంచీకి పంపాడు. పూజారి లక్ష్మణశాస్త్రి గారే ఆ పంతుల్ని పిలిపించి, పసి మనసుల్లో విషం పోయవద్దని గట్టిగా చెప్పారు. రెండోది, సైన్సు మాస్టారు శివసుబ్రమణ్య అయ్యర్. ఆయన కలాంను ఇంటికి భోజనానికి పిలిస్తే, ఆచారం గల ఇల్లాలు తన వంటింట్లో వడ్డించనంది. మాస్టారు కోప్పడలేదు. తన చేత్తోనే వడ్డించి, ఆ పిల్లవాడి పక్కనే కూర్చుని తిన్నారు. మళ్ళీ వారం పిలిచారు. ఈసారి ఆ తల్లే లోపలికి పిలిచి పెట్టింది. ఈ ముగ్గురిలో నేనెవరిని అని అడుగుకున్నాను. నేను బెంచీ మార్పించలేదు గాని, ఒక పిల్లవాడు తనంతట తానే లేచి వెళ్ళిపోయేట్టు చేశాను.

తర్వాత సెలవుల్లో మిగతా పుస్తకాలు కూడా తీశాను. బుకర్ వాషింగ్టన్ 'అప్ ఫ్రం స్లేవరీ' 1901 నాటిది. ఈ పుస్తకం మీద నాకు కొన్ని ఫిర్యాదులున్నాయి. తన జాతిని బానిసలుగా ఉంచినవారి విషయంలో ఆయన మరీ మెత్తగా మాట్లాడతాడు. ఆ కాలంలోనే డుబాయిస్ వంటి నల్లజాతి పండితులు ఆయన్ను గట్టిగా విమర్శించారు. ఆ చర్చ ఇప్పుడొద్దు. నేను చెప్పాలనుకున్నది గడియారం సంగతి.

1865లో బానిసత్వం పోయాక ఆ కుటుంబం పశ్చిమ వర్జీనియాలో మాల్డెన్ అనే ఊరు చేరింది. మారుతండ్రి ఈ పిల్లవాణ్ణి ఉప్పు బట్టీల పనిలో పెట్టాడు. బడికి పోతానని ఏడిస్తే చివరికి ఒప్పుకున్నాడు గాని షరతు పెట్టాడు. తెల్లవారకముందు నుంచి తొమ్మిది దాకా పని చేసి పోవాలి. బడి కూడా తొమ్మిదికే మొదలు, పైగా దూరం. రోజూ ఆలస్యమే. బట్టీ ఆఫీసులో ఒక గడియారం ఉండేది, వందమందికి పైగా కూలీలకు అదే ఆధారం. పిల్లవాడు రోజూ పొద్దున్నే ఆ ముల్లును ఎనిమిదిన్నర మీది నుంచి తొమ్మిదికి జరిపేవాడు! చాలా రోజులు జరిపాక పైవాడు కనిపెట్టి గడియారాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఇది నవ్వుకోవడానికి బాగుంటుంది. నేనూ నవ్వుతూ చెప్పేవాణ్ణి. కాని నా క్లాసుకు పది నిముషాలు ఆలస్యంగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడే పిల్లవాణ్ణి చూసినప్పుడు మాత్రం ఆ కథ నాకు ఎప్పుడూ గుర్తుకు రాలేదు.

ఇంకొకటి, టోపీ. బడిలో పిల్లలందరికీ టోపీలున్నాయి, ఇతనికి లేదు. దుకాణంలో టోపీ కొనడానికి తల్లి దగ్గర డబ్బుల్లేవు. అప్పు చేసి కొనడం ఆమెకు ఇష్టం లేదు. ఇంట్లో నేసిన ముతక గుడ్డ రెండు ముక్కలు కలిపి కుట్టి ఇచ్చింది. తోటి పిల్లలు ఎగతాళి చేశారు. ఆయన ఆ టోపీ గురించి గర్వంగా రాశాడు. మన ఇళ్ళల్లో పండక్కి అన్న కుర్తా తమ్ముడికి చిన్నది చేసి కుట్టే తల్లులకు ఈ పేజీ చదివి వినిపించాలి.

1872లో హాంప్టన్ విద్యాలయానికి బయలుదేరాడు. 500 మైళ్ళ దూరం. చేతిలో దారి ఖర్చుకు సరిపడా లేదు. రిచ్‌మండ్ నగరంలో చెక్కలు పరిచిన కాలిబాట కింద దూరి నిద్రపోయాడు. బడికి చేరేసరికి మిగిలింది 50 సెంట్లు. అక్కడి మేడమ్ చేర్చుకోవాలా వద్దా అని చాలాసేపు తేల్చకుండా, చివరికి పక్కగది ఊడ్చమంది. మూడుసార్లు ఊడ్చి నాలుగుసార్లు తుడిచాడు. ఆమె చేతిరుమాలుతో బల్లలూ గోడలూ రుద్ది చూసి, దుమ్ము కనబడక, చేర్చుకుంది. అదే ఆయన ప్రవేశ పరీక్ష. ఇంతవరకూ మనందరికీ తెలిసిన కథే. నేను దాటేసిన వాక్యాలు దీని ముందూ వెనకా ఉన్నాయి. ముందున్నవి, జీవితంలో మంచి కాలమంతా బానిసలుగా గడిపిన ముసలివాళ్ళు ఊరినుంచి ఒక కుర్రవాడు చదువుకు పోతున్నాడని తెలిసి ఒకరు చిల్లరనాణెం, ఇంకొకరు చేతిరుమాలు తెచ్చి ఇవ్వడం. వెనకున్నది అతని అన్న జాన్. తమ్ముడు హాంప్టన్‌లో ఉన్నన్నాళ్ళు జాన్ గనిలో పనిచేసి తనకు చేతనైనంత పంపాడు. తమ్ముడు చదువు ముగించి తిరిగొచ్చి ఏం చేశాడు? ఉద్యోగంలో చేరి, కూడబెట్టి, జాన్‌ను అదే హాంప్టన్‌కు పంపి చదివించాడు.

ఈ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసేశాను. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

తాహా హుసేన్ ఆత్మకథ 'అల్ అయ్యామ్', అంటే 'రోజులు'. మొదటి భాగం 1929లో పుస్తకంగా వచ్చింది. నేను ఇంగ్లీషు అనువాదంలో చదివాను. ఇది మన ఇళ్ళకు చాలా దగ్గర పుస్తకం. తండ్రికి 13 మంది పిల్లలు, ఇతను ఏడోవాడు. కళ్ళకలక వచ్చింది. కొన్నాళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత మంగలిని పిలిచారు, అతని వైద్యంతో చూపు పోయింది. ఊళ్ళోని మక్తబ్‌లో ఖురాన్ హిఫ్జ్ చేశాడు, అందరూ 'షేక్' అని పిలవసాగారు. మక్తబ్ పంతులు పొంగిపోయాడు, బహుమానం పుచ్చుకున్నాడు, తర్వాత చదివించడం మానేశాడు. ఒకరోజు తండ్రి స్నేహితుల ముందు కూర్చోబెట్టి సూరా షుఅరా చదవమన్నాడు. పిల్లవాడికి మొదటి అక్షరాలు దాటి ఒక్క ముక్క రాలేదు. ఇంకో సూరా అడిగాడు, అదీ అంతే. మూడోదీ అంతే. చెమటలు పట్టి లేచి వెళ్ళిపోయాడు. తప్పు తనదా, పంతులుదా, తండ్రిదా అని ఆ పిల్లవాడు ఆలోచించడం ఉంది చూడండి, ఉపాధ్యాయ శిక్షణలో నాకు అలాంటి పాఠం ఒక్కటీ చెప్పలేదు. ఆ పంతులు దుర్మార్గుడేమీ కాదు. ఒట్లు వేస్తాడు, పాటలు పాడుకుంటాడు, కొంచెం అబద్ధాలాడతాడు, కొంచెం ఆశపోతు. చదువుతూ నవ్వుకుంటూ ఉంటే మధ్యలో ఎక్కడో నా ముఖమే కనబడింది.

భోజనం దగ్గరి సంగతి ఒకటుంది. అందరూ చుట్టూ కూర్చుని తింటున్నారు. అందరిలా ఒక చేత్తో కాక రెండు చేతులతో ముద్ద తీసుకుంటే ఏమవుతుందని ఆ గుడ్డి పిల్లవాడికి ఒక సరదా పుట్టింది. అలాగే తీశాడు. అన్నదమ్ములు పకపకా నవ్వారు. తల్లి ఏడ్చేసింది. తండ్రి మెల్లగా, ముద్ద అలా తీసుకోరు నాయనా అన్నాడు. అంతే. ఆ రాత్రి ఎలా గడిచిందో తనకు తెలియదంటాడు. ఆనాటి నుంచి చారు, అన్నం, చెంచాతో తినవలసినదేదైనా మానేశాడు, ఎవరూ చూడకుండా ఒంటరిగా తినడం అలవాటు చేసుకున్నాడు. ఏళ్ళ తరబడి.

అన్నదమ్ములు చెడ్డవాళ్ళు కాదు. ఒక్క క్షణం నవ్వారు. నా క్లాసు కూడా ఒక్క క్షణమే నవ్వింది.

ఆ పుస్తకంలోనే నాలుగేళ్ళ చెల్లెలుంది. ఇంట్లో అందరికీ ముద్దు, గోడతో బొమ్మతో గంటల తరబడి కబుర్లు చెబుతుంది. పండగ ముందు జ్వరం వచ్చింది. పండగ పనుల్లో తల్లికి తీరలేదు. రొట్టెలు చేయాలి, ఇల్లు సర్దాలి, బట్టలు చూసుకోవాలి. పిల్ల మూలన పడి ఉంది. వైద్యుణ్ణి పిలవాలని ఎవరికీ తోచలేదు. చచ్చిపోయింది. తాహా హుసేన్ పారిస్ వెళ్ళాడు, సోర్బాన్‌లో 1918లో డాక్టరేటు తీసుకున్నాడు, 1950లో ఈజిప్టు విద్యామంత్రి అయి చదువు గాలీ నీరూ లాగా అందరికీ అందాలని పట్టుబట్టాడు. ఆ చెల్లెలికి మాత్రం అన్న రాసిన ఆ కొన్ని పేజీలే ఉన్నాయి. కష్టాల్లోంచి పైకి వచ్చినవాళ్ళే ఆత్మకథలు రాస్తారు గదా. అదే ఇంట్లో, అదే కష్టంలో మునిగిపోయినవాళ్ళ లెక్క ఎవరు రాస్తారు?

ఇప్పుడు నా సంగతి. మీలో కొందరు విని ఉంటారు, ఎందుకంటే ఇదే వేదిక మీద రెండుసార్లు చెప్పాను. మా నిజామాబాద్ పసుపు మార్కెట్‌లో అబ్బా హమాలీ. నేను అయిదో తరగతిలో ఉండగా ఆయన కాలం చేశారు. కరెంటు కోతల రోజులు. లాంతరు ముందు కూర్చుని చదివాను, టీచరు ట్రైనింగులో చేరాను, డి.ఎస్.సి. రాసి 2002లో ఉద్యోగం సంపాదించాను. లాంతరు అనగానే సభలో నిశ్శబ్దం వచ్చేది. నాకు అది ఇష్టంగా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

ఆ ఉపన్యాసంలో మా ఆపా లేదు. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. అబ్బా పోయేటప్పటికి తొమ్మిదో తరగతి. నాకంటే బాగా చదివేది, ఆమె ఉర్దూ చేతిరాత ఇప్పటికీ నా రాతకంటే అందంగా ఉంటుంది. బడి మానిపించి అమ్మీ పక్కన బీడీలకు కూర్చోబెట్టారు. ఎవరూ పెద్దగా ఏడ్చినట్టు కూడా గుర్తు లేదు. మా గల్లీలో అది మామూలే. రాత్రి తునికాకు నానబెట్టడం, పొద్దున కత్తిరించడం, ఒడిలో చాట పెట్టుకుని తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, పాతికేసి లెక్కన కట్టలు కట్టడం, సాయంత్రం కార్ఖానాకు తీసుకుపోతే అక్కడ మంచివి తీసుకుని బాగాలేవని కొన్ని తీసి పారేస్తే మాట్లాడకుండా రావడం. రోజుకు వెయ్యి బీడీలు. నా ట్రైనింగు ఫీజు, హాస్టలు ఖర్చు, దరఖాస్తుల ఖర్చు అన్నీ ఆ చాటలోంచే వచ్చాయి. జొహ్రా గాజులు ఒకసారి తాకట్టు పెట్టింది. మా ఆపా వేళ్ళు ఎన్నేళ్ళు తాకట్టులో ఉన్నాయో లెక్క కట్టలేను.

ఆమె పెళ్ళికి నేను అప్పు చేశాను. ఆమె పిల్లల ఫీజులు కొన్ని కట్టాను. దానితో నా బాకీ తీరిందనుకున్నాను. ఉద్యోగం వచ్చిన రోజున ఆపా వయసు ఇరవై ఆరు. జాన్‌ను హాంప్టన్‌కు పంపినట్టు నేను ఆమెను, "ఆపా, పదో తరగతి రాస్తావా?" అని ఒక్కసారైనా అడిగానా? అడగలేదు. తోచలేదు కూడా. పండగ పనుల్లో ఆ తల్లికి తోచనట్టే. పుస్తకం మూసింది ఇందుకే.

ఆ అబ్బాయి తిరిగి బడికి వచ్చాడా అని మీరడుగుతారు. వాళ్ళింటికి మళ్ళీ వెళ్ళాను. క్లాసు ముందు అన్న మాట క్లాసు ముందే వెనక్కి తీసుకుంటానన్నాను. వచ్చాడు. అన్న ప్రకారం క్లాసులో చెప్పాను. పిల్లలు ఆశ్చర్యంగా చూశారు, ఎవరూ నవ్వలేదు. మొదటి పీరియడులో పదిహేను నిముషాలు బల్ల మీద తల పెట్టుకోనిచ్చాను, పాఠం తర్వాత విడిగా చెప్పాను. నాలుగు నెలలు వచ్చాడు. తర్వాత తండ్రికి ఆపరేషను. మళ్ళీ మానేశాడు. ఇప్పుడు ఒక మోటారు సైకిలు మెకానిక్ దగ్గర పని చేస్తున్నాడు. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి పేరు నమోదు చేయించాను. లెక్కలు తప్ప మిగతావన్నీ పాసయ్యాడు. ఆదివారం వాళ్ళ షాపు మూశాక మా ఇంటికొస్తాడు, లెక్కలు వచ్చిన నా స్నేహితుడొకాయన చెబుతాడు. ఒక్కోసారి రాడు. దీన్ని విజయగాథ అనలేను.

కార్యవర్గం పెద్దలు కోపగించుకోకుండా వింటే ఒక విన్నపం. ఈరోజు బహుమతులు అందుకుంటున్న పిల్లలందరికీ ముబారక్. కష్టపడి తెచ్చుకున్న మార్కులు అవి. కాని మన దరఖాస్తు ఫారంలో రెండు షరతులున్నాయి. రోజూ బడికి వెళ్ళే విద్యార్థి అయి ఉండాలి, హాజరు 75 శాతం ఉండాలి. నాలుగింటికి లేచి పాలు వేసే పిల్లవాడికి 75 శాతం ఎక్కడి నుంచి వస్తుంది? ఓపెన్ స్కూలు వాళ్ళకు అసలు కాలమే లేదు. ఈ ఫారం తయారుచేసిన ఉపసంఘంలో నేనూ ఉన్నాను, కాబట్టి తప్పులో నాకూ భాగముంది. వచ్చే ఏడాది ఫారంలో ఆ రెండో షరతు తీసేసి, చదువు ఆగిపోయి మళ్ళీ మొదలుపెట్టినవారికి, వయసుతో నిమిత్తం లేకుండా, పరీక్ష ఫీజు కట్టే ఏర్పాటు చేయాలని నా ప్రతిపాదన. దానికి నా వంతుగా ఒక నెల జీతం ఈరోజే కోశాధికారి గారికి అప్పగిస్తున్నాను. ప్రతిపాదన మీద సర్వసభ్య సమావేశంలో చర్చ జరగాలి, ఒప్పుకోనివారు అక్కడ లేచి చెప్పాలి.

వయసుతో నిమిత్తం లేకుండా అని ఊరికే అనలేదు. పోయిన నెల ఆపాను అడిగాను. పదో తరగతి ఓపెన్‌లో ఉర్దూలో కూడా రాయొచ్చు, రాస్తావా అని. చాలాసేపు నవ్వింది. మనవడు పుట్టబోయే వేళ ఏం పరీక్షరా అంది. నేను లేవబోతుంటే, పుస్తకాలు వాళ్ళే ఇస్తారా, మనమే కొనుక్కోవాలా అని అడిగింది. ఇంకా ఏమీ తేల్చలేదు.

ఈ ప్రసంగం రాసుకున్నాక మొన్న రాత్రి ఆమెకు చదివి వినిపించాను. ఆమె సంగతి సభలో చెప్పడానికి అనుమతి కావాలి గదా. సభకు రమ్మంటే సిగ్గుపడింది, రాలేదు. చెప్పుకో అంది. అయితే ఒక్కచోట ఆపింది. "లాంతరు నీ చదువు కోసం వెలిగించలేదురా. చీకట్లో ఆకు కత్తిరిస్తే వేళ్ళు తెగుతాయని నా కోసం వెలిగించుకునేదాన్ని. నువ్వొచ్చి పక్కన కూర్చునేవాడివి. నీ తల నీడ నా చేతుల మీద పడేది, జరగరా అంటే జరిగేవాడివి కాదు. అది కూడా రాయి" అంది.

రాశాను. సెలవు. ఖుదా హాఫిజ్.